రోమకుల నిత్యజీవితము: బడిపిల్లల మ్యూజియము యాత్ర



యాత్ర యనగానే మనకు కాశి, రామేశ్వరము, తిరుపతి, శ్రీశైలము మనస్సునకు వచ్చును. దైవదర్శనము చేసికొని, దారిలో నాలుగూళ్లు చూచి, ఇంటికి చేరి బంధువులకు ప్రసాదము పంచిపెట్టుదుము. ఇంగ్లండు దేశమున బడిపిల్లలు చేయు యాత్ర యొకటి కలదు. అందు దేవుడును లేడు, రాజును లేడు. పగిలిన కుండలు, తుప్పుపట్టిన మేకులు, మట్టి ప్రమిదలు, ఎముకతో చేసిన సూదులు చూచుటకై ఏడేండ్లు మొదలు పదునొకండేండ్ల వరకు గల పిల్లలు పంతుళ్ల వెంట బస్సులలో పోవుచుందురు. ఆ వస్తువులు సుమారు 1,800 సంవత్సరముల క్రిందట ఆ దేశము రోమకుల యేలుబడిలో నున్న కాలమునాటివి. ఆ యాత్ర యెట్టిది, అందువలన పిల్లలు నేర్చునదేమి, దానిని మనము తెలిసికొనుట వలన ప్రయోజనమేమి యను విషయములను నేడు మీకు మనవి చేసెదను.

రోమకులు మనకు బొత్తిగా క్రొత్తవారు కారు. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో వివరించిన ఐదు జ్యోతిష సిద్ధాంతములలో రోమక సిద్ధాంత మొకటి. మన కావ్యములలోను శాసనములలోను కనబడు దీనార మను మాట వారి వెండినాణెమైన డెనారియసు పేరునుండి పుట్టినదే. వారి బంగారు నాణెములు నాగార్జునకొండలో దొరకినవి. వారి ఓడలు మన మిరియములకును, ముత్యములకును, సన్ననేత బట్టలకును సముద్రము దాటి వచ్చెను. కాబట్టి ఈ కథ పొరుగూరి కథవలె వినదగినది.

లండను నగరమునకు వాయవ్యమున సుమారు 20 మైళ్ల దూరములో సెయింట్ ఆల్బన్స్ అను పట్టణ మున్నది. దాని ప్రక్కనే, నేడు పచ్చిక మొలచి పెద్ద ఉద్యానవనముగా నున్న నేలక్రింద, వెరులామియ మను రోమక పట్టణము నిదురించుచున్నది. రోమకులు రాకపూర్వమే అచ్చట ఆ దేశపు తెగవారి ఊరొకటి యుండెను. క్రీ.శ. 43లో క్లాడియసు చక్రవర్తి సేనలు బ్రిటను ద్వీపముపై దిగిన పిమ్మట ఆ ఊరు రోమకరీతిని పట్టణముగా పెరిగెను. క్రీ.శ. 60, 61 ప్రాంతమున బౌడికా యను రాణి తిరుగబడినది. భర్త చనిపోగానే రోమకాధికారులు ఆమె రాజ్యమును లాగుకొని, ఆమెను కొరడాలతో కొట్టించి, కూతుండ్రను చెరచిరి. ఆ కోపాగ్నిలో కామలోడూనమును, లండనును, వెరులామియమును భస్మమైపోయెను. ఆ మూడు పట్టణములలో 70,000 మంది చనిపోయిరని టాసిటస్ అను రోమక చరిత్రకారుడు వ్రాసెను. పట్టణము మరల లేచినది. 155 ప్రాంతమున మరియొక అగ్నిప్రమాదము దానిని దహించెను. మరల కట్టిరి. అయిదవ శతాబ్దారంభమున రోమక ప్రభుత్వము ఆ ద్వీపమును విడిచిపోగా పట్టణము క్రమముగా పాడుపడెను.

పాడుపడిన ఊరి రాళ్లు ఏమగునో మీకు తెలియనిది కాదు. 1077 తరువాత పాల్ అను మఠాధిపతి సమీపముననే గొప్ప దేవాలయమును కట్టింప దొడగెను. రాయి దొరకని ప్రాంత మగుటచే శిథిలములలోని రోమక ఇటుకలనే తెప్పించి గోడలకును గోపురమునకును వాడిరి. నేటికిని ఆ గోపురము ఎర్రని రోమక ఇటుకలతో కనబడుచున్నది. మన యమరావతిలో స్తూపము రాళ్లు కొన్ని సున్నపు బట్టీలకు పోయినవి, కొన్ని గోడలకెక్కినవి, మిగిలినవి మద్రాసునకును లండనునకును తరలినవి. పాతనగరము క్రొత్తనగరమునకు రాతిగని యగుట అన్ని దేశములందు నున్న యాచారమే.

1930 మొదలు 1934 వరకు మార్టిమర్ వీలరును, ఆయన భార్య టెస్సా వీలరును వెరులామియమును త్రవ్వించిరి. అప్పుడే కాథ్లీన్ కెన్యన్ అను యువతి అచ్చటి రోమక నాటకశాలను త్రవ్వించెను. వీరి పద్ధతి సులభముగా బోధపడును. భూమి యొక బోషాణము వంటిది. అడుగున పెట్టిన బట్ట పాతది, పైన పెట్టినది క్రొత్తది. పొరలను కలగలుపక ఒక్కొక్కటిగా విప్పి, ఏ పెంకు ఏ పొరలో దొరకెనో వ్రాసికొనవలెను. ఎర్రగా కాలిన మట్టిపొర కనబడినచో అది అగ్నిప్రమాదమునకు గుర్తు. ఆ పొరలో నాణె మొకటి దొరకినచో దానివెంటనున్న కుండల కాలముకూడ తెలియును. ఇట్లు పెంకులును పంచాంగమువలె కాలము చెప్పగలవు.

త్రవ్వకములలో దొరకిన వస్తువులను భద్రపరచుటకు 1939లో అచ్చటనే మ్యూజియము తెరచిరి. టెస్సా వీలరు 1936లోనే స్వర్గస్థురాలగుటచే ఆమె దానిని చూడ నోచుకొనలేదు. రోమకుల కాలమున బ్రిటనులోని ప్రజల నిత్యజీవితమును చూపుటయే ఆ మ్యూజియము ఉద్దేశము. ఇంగ్లండులో సర్కారు బడుల పాఠ్యప్రణాళిక ననుసరించి 7 మొదలు 11 ఏండ్ల పిల్లలకు రోమక సామ్రాజ్యమును, దానివలన బ్రిటనునకు కలిగిన మార్పులను బోధింపవలెను. అందుచే ఇట్టి యాత్రలు ఆ దేశపు బడులలో వాడుకయైనవి.

ఇక పిల్లలు చూచున దేమి? మొదట వంటయిల్లు. రెండు గుండ్రని రాళ్లు ఒకదానిపై నొకటి పెట్టి త్రిప్పు తిరగలి కలదు. దానికి మన తిరగలికి భేదము మిక్కిలి స్వల్పము. లోపలి అడుగున గరుకు రాతిపలుకులు పొదిగిన వెడల్పాటి మట్టిగిన్నె యున్నది. ఆకులు, గింజలు, మసాలాలు వేసి నూరుటకు అది సాధనము, మన రోటికి దూరపు బంధువు. రెండు చెవులు, మొనదేలిన అడుగు గల పెద్ద కూజాలున్నవి. ఓడలలో ద్రాక్షసారాయము, ఒలీవనూనె, చేపపులుసు వీనిలోనే వచ్చుచుండెను. అడుగు మొనదేలియుండుట యెందులకని పిల్లవాడు అడుగును. ఓడ అడుగున వరుసలుగా ఇరికించి నిలుపుటకు అనుకూలమనియు, వంచి పోయునప్పుడు ఆ మొన రెండవచేతికి పట్టుగా నుండుననియు పంతులు చెప్పును. ఒక్క కుండ ఆకారమునుండి వర్తకము, నౌకాయానము రెండును పిల్లవానికి అర్థమగును.

తరువాత శరీరసంస్కారము. ఎముకతో చేసిన జడసూదులు, రోమములు పీకు చిమటాలు, చెవిగుబిలి తీయు చిన్ని గరిటెలు, స్నానవేళ ఒంటికి నూనె రాచి మురికిని గీకి తీయు వంపుబద్ద. మనము నూనె రాచి సున్నిపిండితో నలుచుకొనెదము, వారు నూనె రాచి బద్దతో గీకికొనిరి. ఉద్దేశ మొక్కటే, ఉపాయమే వేరు. పిమ్మట రంగుల రాతిముక్కలు పేర్చి చేసిన నేలలు. ఒకదానియందు గవ్వచిప్ప యాకారము, ఇంకొకదానియందు లేడి తలను నోట కరచుకొని పోవు సింహము. మ్యూజియమునకు కొంచెము దూరమున ఇట్టి నేల యొకటి దొరకినచోటనే యున్నది. దానిని పెకలింపక దానిపైననే ఇల్లు కట్టి కాపాడుచున్నారు.

ఆ నేలను నిదానముగా చూడవలెను. అది చలిదేశము. ధనవంతుని యింటి నేలను ఇటుకలతో కట్టిన పొట్టి స్తంభములపై నిలిపెడివారు. గోడ వెలుపల పొయ్యి రాజవేసినచో ఆ వేడిగాలి నేలక్రింద స్తంభముల నడుమ ప్రాకి, గోడలలో పెట్టిన మట్టిగొట్టములగుండ పైకి పోవును. గదిలో పొగ లేదు, నిప్పు కనబడదు, నేల మాత్రము పాదములకు వెచ్చగా నుండును. పిల్లలు దీనిని చూచి ఆశ్చర్యపడుదురు. మంచి ఉపాధ్యాయుడు ఆ యాశ్చర్యమును అంతటితో ముగియనీయడు. "ఈ పొయ్యిలో కట్టెలు త్రోసినవా డెవడు?" అని అడుగును.

పెద్దలారా, నేడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఈ ప్రశ్నలోనే యున్నది. వెచ్చని గదిలో పండుకొన్నవాడు ఒకడు, తెల్లవారుజామున మంచులో నిలిచి కట్టెలు త్రోసినవాడు మరియొకడు. ఆ రెండవవాడు చాలచోట్ల బానిస. గదిలోని రంగుల నేల మిగిలినది. త్రోసినవాని పేరు మిగులలేదు. రాజుల వంశావళులు వల్లించిన బాలునకు ఆ రెండవవాడు కనబడడు. తిరగలిని, పొయ్యిని, మసిపట్టిన ఇటుకను చేతితో తాకిన బాలునకు కనబడును.

అప్పుడప్పుడు ఒక పేరు మిగులుటయు కలదు. రోమకుల బాలురు వ్రాతపనికి వాడినది మైనపు పలక. చెక్కపలకను కొంచెము గుల్లగా చెక్కి, అందు మైనము పోసి, ఇనుప గంటముతో వ్రాసెడివారు. గంటము రెండవ కొన చదునుగా నుండును, దానితో మైనమును మెత్తి తప్పును చెరిపివేయవచ్చును. తాటియాకుపై గంటముతో వ్రాసిన మన పూర్వుల వ్రాతలో చెరిపివేత లేదు, వారి వ్రాతలో కలదు. మ్యూజియములో పిల్లలకు ఇట్టి పలకను గంటమును చూపి, బడిపిల్లల చదువు ఇట్లు సాగెనని చెప్పుదురు. ఇట్టి చెక్కపలక యొకటి లండను నగరమధ్యమున త్రవ్వకములలో దొరకినది. మైనము పోయినను గంటపు గీతలు చెక్కపై నిలిచినవి. అది యొక క్రయపత్రము. ఫార్చునాటా యను పిల్లను 600 దీనారములకు అమ్మినట్లు అందున్నది. ఆమె గాల్ దేశపు డియాబ్లింట్ తెగదని వ్రాసియున్నది. కొన్నవాడు వెగెటస్, అతడును బానిసయే, చక్రవర్తి బానిసకు బానిస. ఆ కాలపు సామాన్య సైనికునకు 600 దీనారములు సుమారు రెండేండ్ల జీతము. ఫార్చునాటా యనగా భాగ్యవతి యని యర్థము! అక్షరములు దిద్దిన పలకయే మనుష్యుని వెలకట్టిన పలకయు నైనది. చదువు రెంటికిని పనికివచ్చునని పిల్లవానికి తెలియవలదా?

ఇదే దేశమున ఉత్తరపు సరిహద్దునందు విండోలాండా యను సైనికస్థానము కలదు. 1973 మొదలు అచ్చట పలుచని చెక్కరేకులపై సిరాతో వ్రాసిన జాబులు దొరకుచున్నవి. క్లాడియా సెవెరా యను స్త్రీ తన జన్మదినోత్సవమునకు స్నేహితురాలిని పిలుచుచు క్రీ.శ. 100 ప్రాంతమున వ్రాసిన జాబు అందొకటి. చివరి పంక్తులు ఆమె తన చేతితోనే వ్రాసినవి. లాటిను భాషలో స్త్రీహస్తముతో వ్రాసినట్లు తెలిసిన వ్రాతలలో అది మొదటివానిలో నొకటి. ఇంకొక రేకుపై వర్జిలు మహాకవి కావ్యమునుండి ఒక పాదమును ఎవరో అభ్యాసముగా వ్రాసిరి. దాని చివర వేరొక చేతివ్రాతతో "మందము" అను నర్థము గల మాట మొదలైనదనియు, అది గురువుగారి మందలింపనియు పండితులు ఊహించుచున్నారు. ఈ సంగతి విన్న ఏ బడిపంతులు చిరునవ్వు నవ్వకుండును! యుద్ధముల పట్టికలో దొరకని బంధుత్వము ఈ చెక్కరేకులో దొరకును.

ఇక ఆ త్రవ్వకములకును మనకును గల సంబంధము చెప్పెదను. వెరులామియమును త్రవ్వించిన ఆ వీలరుగారే 1944లో భారతదేశపు పురావస్తుశాఖకు ప్రధానాధికారిగా వచ్చి 1948 వరకు పనిచేసిరి. మద్రాసు మ్యూజియములో ఆయనకు రెండు చెవుల రోమక కూజా ముక్క యొకటి కనబడెను. అది పుదుచ్చేరి దాపుననున్న అరికమేడునుండి వచ్చినది. అచ్చటి మట్టిలో పిల్లలు పూసలు ఏరుకొనుచుండగా, 1937లో జూవో దుబ్రయ్ అను ఫ్రెంచి విద్వాంసునకు ఆ పిల్లలనుండియే రోమక చక్రవర్తి తలవలె చెక్కిన రత్నశిల లభించినది. వీలరుగారు 1945లో అరికమేడును త్రవ్వింపగా ఇటలీనుండి వచ్చిన ఎర్రని నునుపు పళ్లెముల పెంకులు దొరకినవి. ఆ పళ్లెములు ఇటలీలో ఏ కాలమున చేయబడెనో ముందే తెలిసియుండుటచే, వానితోపాటు అదే పొరలో దొరకిన మన దేశపు కుండల కాలముకూడ తేలెను. ఆ యాధారముతో 1947లో మైసూరు సీమలోని బ్రహ్మగిరిని త్రవ్వించి, అందొక పొరను ఆయన ఆంధ్ర సంస్కృతి యని పేర్కొనిరి. తరువాతి పండితులు అరికమేడు ఆరంభమును ఇంకను వెనుకకు జరిపిరి. అయినను మార్గము నిలిచినది. శాసనము లేనిచోట, నాణెము లేనిచోట, మన పూర్వుల కాలమును చెప్పిన సాక్షి యొక విరిగిన భోజనపాత్ర!

ఇప్పుడు యాత్రను సఫలము చేయు విధానము కొంచెము. వందమంది పిల్లలను ఒక్కసారి లోపలికి తోలి, గంటలో అరువది అద్దాలపెట్టెలు చూపి, భోజనము పెట్టి, బొమ్మలు కొనిపించి తీసికొనివచ్చిన యాత్ర సంతవంటిది. అలసట మిగులును, తెలివి మిగులదు. బడిపంతులుగా నేనెరిగిన ధర్మములు మూడు. మొదటిది, బయలుదేరక ముందే పిల్లవాని చేతికి ఒక ప్రశ్న ఇయ్యవలెను. "దీపములో ఏ నూనె పోసిరి?" అనునంత చిన్న ప్రశ్నయైనను చాలును. రెండవది, చూచునవి తక్కువగా నుండవలెను. ఒక్క కుండ యెదుట పావుగంట నిలిచి దాని పెదవి, మెడ, అడుగు, మసి చూచి బొమ్మ గీచిన పిల్లవాడు, మ్యూజియమంతయు పరుగెత్తి చూచినవానికంటె ఎక్కువ చూచెను. మూడవది, తిరిగివచ్చిన పిమ్మట ఇంటిలోని వస్తువుతో పోల్చి చెప్పించవలెను. పోలిక లేనిది జ్ఞాపకము నిలువదు.

దీనికొక అపాయమును కలదు. పిల్లలకు రోమకవేషములు వేయించి, పాలకుల స్నానశాలలు, రాజమార్గములు, విందులు మాత్రమే చూపి పంపినచో, నాగరికత యనగా గెలిచినవాని సుఖమని వారు తలంతురు. రోమకులు బాటలు వేసిన మాట నిజము. బౌడికాను కొరడాలతో కొట్టించిన మాటయు నిజము. వెరులామియమును తగులబెట్టినప్పుడు చచ్చినవారిలో బిడ్డలును ముసలివారును లేరని యెవరనగలరు? బూడిదపొరను చూపునప్పుడు ఇరుప్రక్కల కథయు చెప్పవలెను. చరిత్ర ఎవని పక్షమునను వకాల్తా పుచ్చుకొనరాదు. సాక్షివలె నిలువవలెను.

మన పిల్లలు ఇంగ్లండునకు పోనక్కరలేదు. సంగారెడ్డి ప్రాంతమున కొండాపురమున్నది. అచ్చట 1940 తరువాతి త్రవ్వకములలో శాతవాహనుల నాటి ఊరు బయల్పడినది. ఇండ్ల గోడలు, పూసలు, మట్టిబొమ్మలు, కుండలు, నాణెములు, వానితోపాటు రోమకుల బంగారు నాణెమును దొరకినవి. వానికొక మ్యూజియమును కలదు. అమరావతిలో, నాగార్జునకొండలో మ్యూజియము లున్నవి. అచ్చటికి పోయినవారు పెద్ద శిల్పములను చూచి నమస్కరించి వచ్చుచున్నారు. అది తగినదే. అటుపై మూలనున్న మట్టిమూకుడు దగ్గరకూడ కొంచెము నిలువుడని పిల్లలకు చెప్పుడు.

మరియొక విన్నపము గ్రామపెద్దలకే తగినది. దున్నునప్పుడో, బావి త్రవ్వునప్పుడో పాతకుండలు, పెద్ద ఇటుకలు, పూసలు బయటపడుట మన పల్లెలలో అరుదు కాదు. బంగారము దొరకినచో ఊరంతయు కూడును, కుండ దొరకినచో గట్టుమీదికి విసరుదురు. 2012లో వెరులామియమునకు సమీపమున ఒకనికి 159 రోమక బంగారు నాణెములు దొరకగా, అవి అధికారులకు తెలియజేయబడి అదే మ్యూజియమునకు చేరినవి, నేడు పిల్లలు చూచుచున్నారు. మన దేశముననుకూడ భూమిలో దొరకిన నిక్షేపమును కలెక్టరునకు తెలియజేయవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టమటుండనిండు. కుండ దొరకిన చోటును, లోతును, దాని ప్రక్క నున్నదానిని గుర్తుంచుకొని ఊరి బడిపంతులునకు చెప్పినచో, ఆ పెంకు నోరు విప్పును. చోటు తెలియని పెంకు మూగది.

దున్నినవాని పేరు, కుండ చేసినవాని పేరు, పొయ్యిలో కట్టెలు త్రోసినవాని పేరు తామ్రశాసనములకెక్కవు. వారి చేతిపని మాత్రము మట్టిలో మనకొరకు కాచుకొనియున్నది. దానిని చదువనేర్పుట బడి చేయవలసిన పని, దానిని పారవేయక నిలుపుట ఊరు చేయవలసిన పని. ఈ రెండును కూడినప్పుడే బాలుని యాత్ర సఫలము.